స్కూటర్ తీసిందెవరో తెలుసనిపిస్తోంది... చెప్పాలా, వద్దా?

పేరు రాయొద్దని కోరుతూ ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం పంపారు. మొత్తం వేయడం కుదరదు కాబట్టి ముఖ్యమైన సంగతులే చెబుతాను.

వాళ్లది నూట యాభై ఇళ్ల చిన్న కాలనీ. పదకొండేళ్లుగా అక్కడే ఉంటున్నారు. "ఇక్కడికొచ్చాక తాళం గురించి ఆలోచించిన రోజే లేదు" అని రాశారామె. అలాంటి చోట మూడు నెలల్లో మూడు సంఘటనలు జరిగాయి. మొదట, చివరి వీధిలో ఒకాయన పొద్దున్నే కారు స్టార్ట్ చేస్తే చెవులు చిల్లులు పడే చప్పుడొచ్చింది. కిందికి వంగి చూస్తే సైలెన్సర్ పైపులో ఒక ముక్క కోసేసి ఉంది. నెల తర్వాత ఒకే రాత్రి నాలుగు కార్లలో చిల్లర డబ్బులు, చలువ కళ్లద్దాలు, ఒక హ్యాండ్‌బ్యాగ్ పోయాయి. ఒక్క అద్దం కూడా పగల్లేదు. పది రోజులు తిరక్కుండానే ఈమె స్కూటర్ పోయింది. రెండు రోజుల తర్వాత ఆరు కిలోమీటర్ల అవతల రోడ్డు పక్కన, పెట్రోల్ అయిపోయి దొరికింది. ఒక పక్క గీసుకుపోయింది తప్ప ఒక్క నట్టు కూడా పోలేదు. బండి దొరికింది కదా అని పోలీసులకు ఫిర్యాదు చేయలేదు.

కాలనీ వాట్సాప్ గ్రూపులో అందరి వేళ్లూ వాచ్‌మన్ వైపే. అతను చేరి ఐదు నెలలైంది, "అతను వచ్చాకే ఇవన్నీ" అన్నది వాళ్ల లెక్క. వచ్చే ఆదివారం మీటింగ్ పెట్టి అతన్ని తీసేయాలనుకుంటున్నారు.

అసలు చిక్కు ఏమిటంటే, వీళ్లింటి కెమెరాలో స్కూటర్‌ని తోసుకెళ్తున్న మనిషి వెనక నుంచి కనిపించాడు. ముఖం కనపడదు. కానీ ఆ నడక, ఒక భుజం వంచే తీరు పక్కింటి అబ్బాయివేనని ఈమెకు అనిపిస్తోంది. వాడికి పదహారేళ్లు. "నా కళ్ల ముందు పెరిగాడు. వాళ్లమ్మను నేను వదినా అని పిలుస్తాను" అని రాశారు. వీడియో సంగతి భర్తకు తప్ప ఎవరికీ తెలియదు. ఆయనేమో "బండి దొరికింది కదా, వదిలెయ్" అంటున్నారట. చివర్లో రెండు ప్రశ్నలు అడిగారు. ఇంత మంచి చోట ఇలా ఎందుకు జరుగుతోంది? నేను నోరు విప్పాలా, వద్దా?

అమ్మా, మీకు నిద్ర లేకుండా చేస్తున్నది రెండో ప్రశ్నే అని తెలుస్తూనే ఉంది. అయినా మొదటిదాంతోనే మొదలుపెడతాను. అది విడితే రెండోది కొంత తేలికవుతుంది.

మీ కాలనీ అంతా ఒక్క దొంగ కోసం వెతుకుతోంది. మీ ఉత్తరం చదివితే నాకు కనీసం ఇద్దరు, బహుశా ముగ్గురు కనిపిస్తున్నారు. బండి దొంగతనం అని మనం ఒకే పేరుతో పిలిచేది నిజానికి ఒకే రకం పని కాదు. ఏం పోయింది, ఎలా పోయింది, తర్వాత అది ఏమైంది అని చూస్తే ఎలాంటివాళ్లు చేసుంటారో కొంత తెలుస్తుంది.

సైలెన్సర్ సంగతి చూడండి. ఆ కోసేసిన ముక్క క్యాటలిటిక్ కన్వర్టర్ అయి ఉంటుంది. పొగలోని విషవాయువులను తగ్గించే భాగం అది. దాని లోపలి పూతలో ప్లాటినం, పల్లాడియం, రోడియం కొద్ది కొద్దిగా ఉంటాయి. రోడియం ధర కొన్నేళ్లు బంగారాన్ని మించిపోయింది. అందుకే ప్రపంచంలో చాలాచోట్ల ఈ దొంగతనం పెరిగింది. దీనికి కట్టర్ కావాలి, చాలాసార్లు జాకీ కావాలి, చప్పుడైనా భయపడని ధైర్యం కావాలి, అన్నిటికంటే ముఖ్యంగా దాన్ని కొనేవాడు తెలిసుండాలి. పదహారేళ్ల పిల్లాడు దాన్ని తీసుకెళ్లి ఏం చేసుకుంటాడు? మీ వాచ్‌మన్ మాత్రం ఏం చేసుకుంటాడు? ఇది బండిలో వచ్చి, నిమిషాల్లో పని ముగించుకుని, వచ్చిన దారినే పోయే వాళ్ల పని. మీ కాలనీ పెద్ద రోడ్డుకు దగ్గర అని మీరే రాశారు. వాళ్లకు కావలసిందల్లా రాత్రి బయట ఆగి ఉన్న కారూ, త్వరగా బయటపడే దారీ.

నాలుగు కార్ల రాత్రి వేరే సంగతి. అద్దాలు పగల్లేదంటే ఏదో మాయ పరికరం వాడారని మీ గ్రూపులో ఎవరో అన్నారట. ఇంట్లో ఉన్న తాళం సిగ్నల్‌ని బయటికి లాగి కారు తెరిచే పద్ధతి నిజంగానే ఉంది. కానీ అంత సరంజామా ఉన్నవాడు కారే తోలుకుపోతాడు గానీ చలువ కళ్లద్దాల కోసం వస్తాడా? వరసగా కార్ల తలుపుల హ్యాండిళ్లు లాగి చూసుకుంటూ పోవడం, తెరుచుకున్నదాంట్లో చేతికందింది తీసుకోవడం, తెరుచుకోనిది వదిలేయడం, ఇది చాలా పాత పద్ధతి. ఆ నలుగురినీ విడివిడిగా, మెల్లగా అడిగి చూడండి. "లాక్ చేసే ఉంటాను" అనే మాటలో ఆ "ఉంటాను" ఎంత బలహీనంగా వినిపిస్తుందో గమనించండి. పరువు కోసం గ్రూపులో ఎవరూ ఒప్పుకోరు.

ఇక మీ స్కూటర్. అమ్ముకోవడానికి తీసినవాడు పెట్రోల్ అయిపోయిందని వదిలేసి పోడు. విడిభాగాల కోసమైతే బ్యాటరీ, చక్రాలు మిగిలేవి కావు. ఆగేదాకా నడిపి వదిలేశారంటే అది సరదా తిరుగుడు, లేదా ఎక్కడికో వెళ్లాల్సిన అవసరం. చేసేది ఎక్కువగా కుర్రవాళ్లే. అవకాశం కనబడితే అప్పటికప్పుడు చేసే పని ఇది, ముందు నుంచీ వేసుకున్న పథకం కాదు. దీనికి నాకు బాగా నచ్చే ఉదాహరణ పశ్చిమ జర్మనీది. హెల్మెట్ లేకుండా నడిపితే అక్కడికక్కడే జరిమానా వేయడం 1980లో మొదలుపెట్టారు. తల పగలకూడదనే ఉద్దేశం తప్ప దొంగల గురించి ఎవరూ ఆలోచించలేదు. కానీ ఏడాదికి సుమారు లక్షన్నర ఉన్న మోటార్‌సైకిల్ దొంగతనాలు 1986 నాటికి సుమారు 54 వేలకు పడిపోయాయి. కీ కనిపించిందని ఎక్కేసేవాడి దగ్గర హెల్మెట్ ఉండదు, అది లేకుండా రోడ్డెక్కితే పోలీసు ఆపుతాడు. అంత చిన్న అడ్డు వచ్చినందుకే వేలమంది మానేశారు. పోనీ కార్ల మీద పడ్డారా అంటే, అదీ పెద్దగా జరగలేదు. అంటే వాళ్లలో ఎక్కువమంది దొంగతనం వృత్తిగా ఉన్నవాళ్లు కారన్నమాట. ఈమధ్య అమెరికాలో కూడా ఇలాంటిదే జరిగింది. ఇమ్మొబిలైజర్ (సరైన తాళం లేనిదే ఇంజిన్ స్టార్ట్ కాకుండా ఆపే పరికరం) లేని కొన్ని కార్లను తేలిగ్గా స్టార్ట్ చేసే కిటుకు 2021, 2022ల్లో సోషల్ మీడియా వీడియోల్లో పాకింది. మైనర్లు గుంపులుగా ఆ కార్లు ఎత్తుకెళ్లి తిప్పి, గుద్ది, వదిలేశారు. కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

మరి ఇంత మంచి చోటే ఎందుకు అంటారా? మంచి చోటు కాబట్టే, కొంతవరకు. 1979లో లారెన్స్ కోహెన్, మార్కస్ ఫెల్సన్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు ఒక మాట చెప్పారు. నేరం జరగాలంటే మూడు ఒకేచోట, ఒకే సమయంలో కలవాలి: చేయాలనుకునే మనిషి, చేతికందే వస్తువు, కనిపెట్టుకుని ఉండే కన్ను లేకపోవడం. ఇందులో మనుషులు చెడిపోయారనే మాట ఎక్కడా లేదు. మీ కాలనీలో చెడ్డవాళ్లు ఎక్కువ కాలేదు, మిగతా రెండూ ఎప్పటి నుంచో ఉన్నాయి. లాక్ చేయని కార్లు, బండికే వేలాడే తాళాలు, పగలంతా ఉద్యోగాలకు పోయి ఖాళీగా ఉండే ఇళ్లు. ఎవరైనా కొత్త మనిషి కనబడితే "ఎవరింటికో చుట్టం అయి ఉంటాడు" అనుకుని పలకరించకుండా పోవడం కూడా వాటిలో ఒకటే. పదకొండేళ్లు ఏమీ కాలేదంటే గట్టి కాపలా ఉందని కాదు, ఎవరూ పరీక్షించి చూడలేదని. ఒకసారి చూసినవాడికి ఇక్కడ పని తేలిక అని తెలిసిపోయింది. బండి దొంగతనాల్లో ఇది మామూలే. ఒకచోట జరిగాక కొన్ని రోజుల్లో, కొన్ని వారాల్లో ఆ చుట్టుపక్కలే మళ్లీ జరిగే అవకాశం ఎక్కువ. కాబట్టి మీరంతా జాగ్రత్తగా ఉండాల్సింది ఈ నెలే, ఈ వారాలే.

అలాగని భయపడిపోనక్కర్లేదు. పెద్ద నగరంలో మూడు నెలల్లో ఇలాంటివి మూడు జరిగితే ఎవరూ లెక్క కూడా పెట్టరు. నూట యాభై ఇళ్లలో జరిగితే ప్రతి ఒక్కరికీ పోగొట్టుకున్నవాళ్లు స్వయంగా తెలిసి ఉంటారు, అందుకని తమకే జరిగినట్టు ఉంటుంది. కొత్తగా వచ్చినవాడి మీద అనుమానం పోవడానికీ అదే కారణం. పాతవాళ్లంతా తెలిసినవాళ్లే కదా, తెలిసినవాళ్లు ఎలా చేస్తారు? ఐదు నెలల క్రితం మీ కాలనీకి ఇంకా ఎన్ని కొత్తవి వచ్చి ఉంటాయో ఆలోచించండి. కొత్త రోడ్డు, కొత్త అద్దెవాళ్లు, సామాన్లు తెచ్చే కుర్రాళ్లు. పెద్దవాళ్లైన పాత పిల్లలు కూడా. వాళ్లందరినీ వదిలేసి ఒక్క మనిషినే పట్టుకున్నారు, ఎందుకంటే అతన్ని తీసేయడం సులువు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న.

"చెప్పాలా, వద్దా" అని మీరు ఒక్క ముడిగా అడిగారు గానీ దాంట్లో రెండు ముడులున్నాయి. ఒకటి, చేయనివాడిని కాపాడటం. రెండోది, చేసినవాడి పేరు బయటపెట్టడం. మొదటిది చేయాలంటే రెండోదీ చేసి తీరాలని మీరు అనుకుంటున్నారు, అందుకే కదల్లేకపోతున్నారు. నిజానికి అవి వేరు చేయొచ్చు. వాచ్‌మన్ యాభై దాటిన మనిషి, కాలు ఈడుస్తూ నడుస్తాడని మీ ఉత్తరంలో మూడో పేజీలో ఉంది. వీడియోలో ఉన్నది సన్నటి, చురుకైన మనిషి. "నా బండి తీసింది వాచ్‌మన్ కాదు, నాకు రుజువుంది" అని చెప్పడానికి పక్కింటి అబ్బాయి పేరెత్తాల్సిన పనిలేదు. ఇది మాత్రం ఆదివారం లోపు జరగాలి, ఎందుకంటే ఆ ఉద్యోగం పోయాక మీరు ఎంత బాధపడినా అది తిరిగి రాదు.

కానీ వీడియోని గ్రూపులో పెట్టకండి. నూట యాభై ఇళ్లవాళ్లు దాన్ని పదేపదే చూసి గంటలో ఎవరో ఒకరి పేరు రాస్తారు. అది సరైన పేరైనా ఆ పిల్లాడు జన్మంతా దాన్ని మోయాలి. తప్పు పేరైతే ఇంకా దారుణం. కమిటీ అధ్యక్షుడికి ఒక్కరికే చూపించడం మరో దారి. ఆయన కూడా గుర్తుపట్టొచ్చు, ఆ తర్వాత విషయం మీ చేతిలో ఉండదు. ఆయన నోరు ఎంత గట్టిదో మీకే తెలియాలి.

ఒక మాట నిజాయితీగా గుర్తు చేసుకోండి. వీడియో మొదటిసారి చూడగానే ఆ అబ్బాయి మనసులోకి వచ్చాడా, లేక ఐదోసారో పదోసారో చూశాకా? మీవారు ఏమైనా అన్నాక అలా అనిపించిందా? వెనక నుంచి, చీకట్లో, నడక చూసి మనిషిని గుర్తుపట్టడం మనం అనుకున్నంత నమ్మకమైంది కాదు. ఒకసారి ఎవరో అనుకున్నాక ప్రతి అడుగూ అతనిదే అనిపిస్తుంది. వాడే కాకపోవచ్చు అన్న మాటకు మీ మనసులో చోటు ఉంచుకోండి. ఇక ముందు మీరు ఎవరితో ఏం మాట్లాడినా ఆ చోటు మీ మాటల్లో కూడా వినపడాలి.

మీ ముందున్న దారుల్లో మొదటిది వదినతో మాట్లాడటం. నాకు ఎక్కువ మొగ్గు ఇటే ఉంది, కానీ ఇది తేలికైంది అనుకుంటే పొరపాటు. ఏ తల్లైనా మొదట కోప్పడుతుంది. "మావాడిని దొంగ అంటావా" అనొచ్చు. కొన్నాళ్లు మాటలు ఆగిపోవచ్చు, గోడ అవతలి నుంచి గిన్నెల చప్పుడు కూడా మీ మీద కోపంలా వినిపిస్తుంది. లేదా ఆమెకు అప్పటికే ఏదో తెలిసి, ఎవరితో చెప్పుకోవాలో తెలియక కూర్చుని ఉండొచ్చు. తీర్పులా చెప్పకండి, మీ చిక్కులా చెప్పండి. "వదినా, కెమెరాలో ఒకటి కనిపించింది, నాకు భయంగా ఉంది, నేను పొరబడ్డానేమో నువ్వే చూసి చెప్పు" అనండి. పిల్లాడు ఒప్పుకుంటే వాడితో బండి బాగు చేయించుకోవడం, వాడి నోటితోనే క్షమాపణ చెప్పించుకోవడం మీ ఇష్టం. ఆ వయసులో ఇలాంటి పనులు చేసినవాళ్లలో ఎక్కువమంది పెద్దయ్యేకొద్దీ తమంతట తామే మానేస్తారు. నేరాల లెక్కలు చాలాచోట్ల టీనేజీ చివర్లో బాగా పెరిగి, తర్వాత దిగిపోతాయి. ఆ కాస్త కాలం వాడికి ఏమీ కాకుండా గడవడమే ముఖ్యం.

అయితే ఈ దారిలో ఒక గుంట ఉంది. మీ స్కూటర్ విషయంలో మీరు క్షమించగలరు. నాలుగు కార్ల సంగతి కూడా వాడిదే అని తేలితే, పక్క వీధి ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ విషయంలో క్షమించే హక్కు మీకు లేదు. అక్కడ మీరూ వదినా కలిసి మూత వేయలేరు. ఆ వస్తువులు తిరిగి వెళ్లాలి, లేకపోతే కనీసం వాళ్లకు నిజం తెలియాలి. మాట్లాడబోయే ముందే ఈ సంగతి మీలో మీరు తేల్చుకోండి. మధ్యలో తేల్చుకోవాల్సి వస్తే మొహమాటమే గెలుస్తుంది.

రెండో దారి పోలీసులకు వీడియో ఇచ్చి, ఎవరో తెలియదని చెప్పడం. "ఫలానావాడు" అని మీరు అనాల్సిన పనిలేదు, అది మీకు ఖచ్చితంగా తెలియదు కూడా. ముఖం కనపడని వీడియోతో వాళ్లు ఏమీ చేయలేకపోవచ్చు, లేదా చుట్టుపక్కల కెమెరాలతో పోల్చి తేల్చేయొచ్చు. తేలితే కేసు వాడి చదువుకు, ఉద్యోగానికి అడ్డమవుతుందేమో అన్న మీ భయం నాకు అర్థమైంది. చాలా దేశాల్లో మైనర్లకు వేరే చట్టం, వేరే విచారణ ఉంటాయి, శిక్ష కంటే దిద్దుబాటు వైపే చూస్తాయి. అయినా పోలీస్ స్టేషన్ అనుభవం పదహారేళ్లవాడిని బెదిరించి మార్చొచ్చు, మొండిగానూ మార్చొచ్చు. ఏది జరుగుతుందో ముందే చెప్పలేం.

అబ్బాయి సంగతి అలా ఉంచి, మీ బండి రెండు రోజులు మీ దగ్గర లేదన్న విషయం ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. ఎత్తుకెళ్లిన బండ్లను ఇంకో నేరానికి వాడటం కొత్తేమీ కాదు. ఆ రెండు రోజుల్లో ఎవరినైనా గుద్ది ఉంటే నంబరు పట్టుకుని వచ్చేది మీ గుమ్మానికే. మీవారు వదిలెయ్ అన్నప్పుడు ఇది ఆలోచించి ఉండరు. ఆ గీత ఎలా పడిందో మీకు తెలియదు కదా.

మూడోది, మీవారు చెప్పినట్టు ఊరుకోవడం. ఆయన్ని పిరికివాడు అనుకోకండి. జీవితాంతం గోడ పంచుకోవాల్సిన ఇంటితో గొడవ వద్దనుకోవడంలో తప్పులేదు. కానీ ఊరుకోవడం ఇప్పుడు ఉచితం కాదు, దాని ఖర్చు వాచ్‌మన్ కట్టాలి. ఇంకో ఖర్చు కూడా ఉంది. సరిగా నడపడం రానివాడు, హెల్మెట్ లేకుండా, పట్టుబడతానేమో అన్న కంగారులో బండి తోలుతున్నాడు. మొదటిసారి గీతతో పోయింది. వాచ్‌మన్ విషయం చక్కబెట్టి అబ్బాయి విషయంలో మాత్రం కొన్నాళ్లు ఆగుతానంటే అది సగం ఊరుకోవడం. నాకు పూర్తిగా నచ్చదు గానీ, వదినతో మాట్లాడే ధైర్యం ఇంకా రాలేదంటే అదీ ఒక దారే.

ఆదివారం మీటింగ్‌లో మీరు ఒకటి ఒప్పుకోవాల్సి ఉంటుంది. స్కూటర్ తాళం బండికే వదిలేశానని నాకు రాశారు, గ్రూపులో రాయలేదు. "నాదీ పొరపాటుంది" అని మీరు ముందు అంటే కార్ల వాళ్లలో ఇద్దరైనా నిజం చెబుతారు. అప్పుడు మాట మనిషి మీది నుంచి తాళాల మీదికి మళ్లుతుంది. సైలెన్సర్ పోయినాయనకు మాత్రం తాళంతో పనిలేదు, ఆ కారును రాత్రిపూట లోపల పెట్టుకోవడమో, వెలుతురున్న చోట గోడకు దగ్గరగా ఆపడమో, కన్వర్టర్‌కు ఇనప కవచం బిగించుకోవడమో చేయాలి. వాచ్‌మన్‌కు ఒక టార్చీ, ఎవరిని ఆపి అడగొచ్చో ఒక అధికారం ఇచ్చారా అని కూడా అడగండి. అనుమానించడమే గానీ అవి ఇచ్చినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

ఏ దారి ఎంచుకున్నా సరే, ముందుగా వీడియో విడిగా ఒక కాపీ తీసి పెట్టుకోండి. చాలా కెమెరాలు కొన్నాళ్లకు పాత రికార్డింగ్‌ను చెరిపేసి దాని మీదే కొత్తది ఎక్కించేస్తాయి. మీరు ఉత్తరం రాసి ఇప్పటికే వారం దాటింది.